కొయ్య ఆనే చోటు

నా కిడ్నీని నేను మొదటిసారి చూసింది మా తమ్ముడు కదిరప్ప పొట్టలో. బెంగుళూరు ఆసుపత్రిలో, స్కానింగ్ గదిలో, చిన్న టీవీలాంటి దాని మీద. వాణ్ణి బల్ల మీద పడుకోబెట్టి, పొట్టకు చల్లటి జిగురేదో పూసి, డాక్టరమ్మ ఒక పిడిలాంటి దాన్ని ఆనించి మెల్లగా తిప్పుతోంది. తెర మీద బూడిదరంగు మసక తప్ప నాకేమీ అర్థం కాలేదు.

ఆ గదిలోకి రోగిని తప్ప ఎవరినీ రానివ్వరు. నేను తలుపు దగ్గర పెద్ద గొడవే చేశాను. నాకు నోరెక్కువని ధర్మవరంలో మా వీధి వీధంతా చెబుతుంది. వాళ్లు చెప్పేదేమీ అబద్ధం కాదు.

"ఇచ్చినదాన్ని నేను. ఎట్లుండాదో చూసుకునేదానికి నాకు హక్కు లేదా?" అని అరిచాను. లోపలి నుంచి డాక్టరమ్మ నవ్వుతూ బయటికొచ్చి, "రానివ్వండి ఆమెను" అంది. ఆమె తల్లిది హిందూపురం వైపంట. తెలుగు బాగా మాట్లాడుతుంది.

అది ఎనభై ఆరో సంవత్సరం. అంతకుముందు ఏడాది కదిరప్పకు రెండు కిడ్నీలూ పాడైపోయాయి. వాడి పెళ్లాం ఓబమ్మ ఇస్తానంటే రక్తం కలవలేదు. మా అమ్మ ఎప్పుడో పోయింది. మా నాయన ముసలివాడు, చూపు కూడా పోయింది. మిగిలింది నేను. నాది కలిసింది. మా ఆయన ఎర్రిస్వామిని అడిగితే, "నీ తమ్ముడు, నీ ఒళ్లు. నేను అడ్డమొచ్చేవాణ్ణి కాదు" అన్నాడు. అని ఆ పూట అన్నం తినలేదు.

"ఇదిగోమ్మా, నువ్వు ఇచ్చింది ఇదే" అని డాక్టరమ్మ తెర మీద వేలు పెట్టి చూపించింది. చిక్కుడు గింజ మాదిరి ఒక ఆకారం. మసకలోంచి అది విడిపడి కనబడేసరికి నాకు ఏడుపు తన్నుకొచ్చింది. కన్నబిడ్డను చూసినప్పుడు కూడా నాకు అంత ఏడుపు రాలేదు.

"ఈడుండాదేంది మేడమ్? నాది ఈపు తట్టు గదా ఉన్నింది?" అని అడిగాను.

పాతవాటిని అక్కడే వదిలేసి కొత్తదాన్ని ముందువైపు, బొడ్డుకు కింద కుడిపక్కన పెడతారని ఆమె చెప్పింది. రక్తనాళాలు కలపడానికి అక్కడ వీలట. "కానీ ఒకటి గుర్తుపెట్టుకోండి. వెనకైతే పక్కటెముకలు కాపాడతాయి. ఇక్కడ చర్మం కిందే ఉంటుంది. దెబ్బ తగలకూడదు, బరువులు ఎత్తకూడదు. మాత్రలు ఒక్క పూట కూడా మానకూడదు. అది పరాయిదని ఒంటికి ఎప్పుడూ తెలుస్తూనే ఉంటుంది, మందులే దాన్ని ఊరుకోబెట్టాలి" అంది.

"నాది వీనికి పరాయిదెట్లయితాది?" అన్నాను. ఆమె కదిరప్పను అడిగింది, "ఏం పని చేస్తారు మీరు?"

"మగ్గం మేడమ్. పట్టుచీరలు నేస్తాం. కూచ్చోని చేసే పనే" అన్నాడు వాడు.

"కూర్చుని చేసేదైతే మంచిదే. కొన్నాళ్లు ఆగి మొదలుపెట్టండి."

ఆమెకేం తెలుసు పాపం. బెంగుళూరులో కూర్చుని చేసే పనంటే కుర్చీ, బల్ల. మగ్గం చూసినవాళ్లం ఆ గదిలో అక్కాతమ్ముళ్లమిద్దరమే. ఇద్దరం బుద్ధిగా తలలూపాం.

ఇంటికొచ్చాక వాడిని మేం చూసుకున్నట్టు పసిబిడ్డను కూడా ఎవరూ చూసుకొని ఉండరు. కాచిన నీళ్లు, తూచినట్టు ఉప్పు, వేళకు మాత్రలు. చెంబు ఎత్తబోతే ఓబమ్మ పరుగెత్తుకొచ్చేది. వాడి ఇంట్లో ఒక మేకపోతు ఉండేది, మనిషి కనిపిస్తే కుమ్మేది. కొమ్ము ఎక్కడ తగులుతుందోనని నేను పట్టుబట్టి దాన్ని రాప్తాడు సంతకు తోలించాను. పిల్లలు నాయన ఒళ్లోకి ఎగిరి దూకకుండా వాళ్లనూ అదుపులో పెట్టాను. వీధిలో ఎవరైనా ఆప్యాయంగా వాటేసుకోబోతే, "ఎడంగా నిలబడి మాట్లాడప్పా" అని కసిరేదాన్ని. జనం నన్ను చూసి నవ్వుకున్నారు. నవ్వుకోనీ అనుకున్నాను.

మగ్గం మీద మాత్రం సగం నేసిన చీర అట్లాగే ఉండిపోయింది. వాడు జబ్బు పడ్డప్పుడు ఆగిపోయిన చీర. మెంతిరంగు పట్టు, పెద్ద జరీ అంచు, పెళ్లికూతురి చీర. దాన్ని ఇంకొకరు పూర్తి చేయడం కుదరదు. ప్రతి నేతగాడూ పోగును కొట్టే దెబ్బకు ఒక తూకం ఉంటుంది. చేయి మారిన చోట బట్టలో ఒక గీత పడుతుంది. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే ఎవరికైనా తెలిసిపోతుంది. అటువంటి చీరను వ్యాపారి తీసుకోడు, పెళ్లివాళ్లు అసలే తీసుకోరు. అందుకే మా ఇళ్లలో మొదలుపెట్టిన చేయే ముగించాలి. మాకు పట్టు ఇచ్చి నేయించే ఈశ్వరప్ప మంచి మనిషి. "నిదానంగా కానీ కదిరప్పా, చీర యాడికి పోతాది" అన్నాడే గాని ఒక్కనాడూ తొందర పెట్టలేదు. తొందర కదిరప్పకే. ఆ మగ్గం పక్కనే వాడి మంచం. పొద్దున లేస్తే ఆ సగం చీర కళ్లబడేది.

"దాన్ని చూస్తాంటే నేను సగం సచ్చినోని మాదిరి ఉండాదక్కా" అన్నాడొకరోజు.

మంచిరోజు చూసి, మగ్గానికి కర్పూరం వెలిగించి, వాడు గుంటలో కాళ్లు దించి కూర్చున్నాడు. మాది గుంట మగ్గం. గట్టు మీద కూర్చుంటే ఒళ్లోకి వచ్చేటట్టు ముందర ఒక లావాటి కొయ్య అడ్డంగా ఉంటుంది. నేసిన బట్ట దాని మీదికి చుట్టుకుంటూ పోతుంది. ఆ కొయ్యకు పొత్తికడుపు ఆనించుకొని, పోగుల్ని దగ్గరికి చేర్చే పన్నెను చేత్తో తన వైపు లాగి కొట్టాలి. కొట్టిన ప్రతిసారీ మనిషి కొయ్య మీదికి ఒరుగుతాడు. మా నాయన అట్లాగే నేశాడు, మా ఆయన అట్లాగే నేస్తాడు. పుట్టినప్పటి నుంచి చూస్తున్న దాన్ని ఎవరు కొత్తగా చూస్తారు?

వాడు చాలా రోజులకు కూర్చోవడం వల్ల మొదటి దెబ్బలు బలం లేకుండా పడ్డాయి. మా నాయనకు కళ్లు లేకపోయినా చెవులున్నాయి. మంచం మీద నుంచే అందుకున్నాడు.

"అంత ఎడంగా కూచ్చుంటే ఎట్లరా? దగ్గరికి జరుగు. బాగా ఆనుకో. ఆనుకుంటేనే దెబ్బ సమంగా పడేది."

కదిరప్ప జరిగాడు, ఆనుకున్నాడు. దెబ్బ సరిగ్గా పడింది. ఆ చప్పుడు విని మా నాయన తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు. నేను వీధిలో ఇంటింటికీ బెల్లం పంచాను. నా కిడ్నీ నా తమ్ముణ్ణి మళ్లీ మగ్గంలో కూర్చోబెట్టిందని నాకు అంతులేని గర్వం.

ఆ ఎండాకాలం మా వైపు ఎప్పటి కరువే. బుక్కరాయసముద్రం చెరువు కూడా అడుగు తేలిందని చెప్పుకున్నారు. కదిరప్పకు ఒంటికి పోవడం తగ్గింది. ఎండ దెబ్బ అనుకున్నాం. వాడూ అదే అన్నాడు. పాదాలు ఉబ్బితే కాళ్లు వేలాడేసి కూర్చోవడం వల్లనేమో అన్నాడు. ముఖం ఉబ్బేసరికి నేను ఇంకేమీ విననని వాణ్ణి రైలెక్కించాను.

అదే గది, అదే డాక్టరమ్మ. ఈసారి నన్ను ఎవరూ ఆపలేదు. ఆమె పంచె కిందికి జరిపి జిగురు పూయబోయి ఆగింది.

"ఇదేమిటి? బెల్టు బిగించి కడతారా?"

వాడి పొత్తికడుపు మీద అడ్డంగా నల్లటి చార ఉంది. కాయ కాచినట్టు గట్టిపడిన చర్మం. ఆపరేషను కుట్టు మచ్చ మీదుగా పోతోంది అది.

"బెల్టు గాదు మేడమ్. మగ్గం కొయ్య ఆనే చోటు. నేసేటోళ్లందరికీ ఉంటాది" అన్నాడు కదిరప్ప, అదేమంత విషయం కానట్టు.

"కొయ్య ఎలా ఆనుతుంది? చూపించండి."

వాడు లేచి కూర్చొని బల్ల అంచుకు జరిగాడు. పొత్తికడుపుకు అడ్డంగా ఎడమ చేయి పెట్టుకొని, అదే కొయ్య అన్నట్టు, కుడిచేత్తో పన్నె లాగినట్టు లాగి చూపించాడు. ఒకసారి ముందుకు ఒరిగాడు. ఇంకోసారి ఒరగబోయి మధ్యలో ఆగిపోయాడు. వాడి ముఖంలో రంగు పోయింది.  మేమిద్దరం ఒకరినొకరం చూసుకోలేకపోయాం.

ఆమె వాణ్ణి పడుకోమంది. ఆ పిడిని సరిగ్గా ఆ నల్ల చార మీద ఆనించింది. తెర మీద నా కిడ్నీ కనిపించింది. ఆ చారకు కిందనే ఉంది. దాని చుట్టూ నల్లగా ఏదో చేరింది. అది నీరని చెప్పింది. కిడ్నీ వాచింది, మూత్రం దిగే దారి నొక్కుకుపోయింది.

"కొయ్య వల్లేనా మేడమ్? చెప్పండి, కొయ్య వల్లేనా?" అని అడిగాను.

"నేను చెప్పలేనమ్మా. కొయ్య ఒత్తిడి వల్ల కావచ్చు. ఒళ్లు దాన్ని ఒప్పుకోకపోయినా ఇలాగే వాస్తుంది. రెండూ కలిసి కూడా కావచ్చు. తెర మీద వాపు కనిపిస్తుంది గానీ ఎందుకు వాచిందో కనిపించదు."

"అంత పెద్ద మిషను పెట్టుకోని ఆ ఒక్కటీ చెప్పలేకపోతే ఏంటికి మేడమ్ ఇది?" అని విరుచుకుపడ్డాను. ఆమె కోపగించుకోలేదు. కోపగించుకొని ఉంటే నాకు కొంచెం హాయిగా ఉండేది.

సూదితో నీరు తీశారు. పెద్ద మందులు ఎక్కించారు. వాడి ముఖం గుమ్మడికాయంత అయింది. కొంచెం నయమనిపించి ఇంటికి పంపించారు. మగ్గం దగ్గరికి పోకూడదని డాక్టరమ్మ ఎంతో గట్టిగా చెప్పింది. ఆమె చెప్పాలా? రైల్లో వస్తున్నంతసేపూ నాకు కళ్ల ముందు ఆ కొయ్యే. ఎవరి మీద అరవాలో తెలియలేదు. మేకపోతును సంతకు తోలించాను, కన్నబిడ్డల్ని వాడి ఒళ్లోంచి దించేశాను. నా తమ్ముణ్ణి కుమ్మేది వాడి ఇంట్లోనే ఉంటే, దానికి కర్పూరం వెలిగించి మరీ వాణ్ణి కూర్చోబెట్టాం.

ఇంట్లో అడుగు పెట్టగానే ఓబమ్మ ఎదురొచ్చి, "ఏమన్నారు వదినా?" అంది. నేను గూట్లోంచి కత్తెర తీసుకొని మగ్గం దగ్గరికి పోయాను.

నేతగాళ్ల ఇంట్లో ముగియని చీరను మగ్గం మీద కోయడమంటే ఏమిటో బయటివాళ్లకు చెప్పినా అర్థం కాదు. ఇంట్లో మనిషి పోయినా పదకొండో రోజు అయ్యాక మగ్గం మీది ఆ పడుగు పోగుల్ని నేసి ముగిస్తారు గాని కోయరు. నేను కోశాను. బిగువుగా లాగి కట్టిన పట్టు పోగులు కత్తెర పడగానే టపటపా తెగి వెనక్కి ఎగిరాయి. ఓబమ్మ నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. మా నాయన ఆ చప్పుడు విని మంచం మీద లేచి కూర్చున్నాడు.

"ఏంది మే భద్రమ్మా అది? పోగులు తెగుతాండాయే!"

"తెంచుతాండా నాయనా" అన్నాను.

"ఎవరు సచ్చినారని తెంచుతాండావు?"

 కొయ్య మీద ఆనుకొమ్మన్నది ఆయనే. ఆ మాట ఆయనతో ఎవరు చెబుతారు? నేను చెప్పలేదు. కదిరప్ప కూడా చెప్పలేదు. ఆయన ఈనాటికీ ఆ చీర తెంచిన పాపం వల్లే ఇదంతా అయిందని నన్ను తిడుతుంటాడు. తిట్టనీ.

కదిరప్ప గోడకానుకొని నిలబడి అంతా చూశాడు. అడ్డం రాలేదు. "కొంగు ఒకటే మిగిలిన్నిందక్కా" అన్నాడు చివరికి. మా ఆయన వచ్చి ఆ కొయ్యను ఊడదీసి పెరట్లో పడేశాడు.

అంత చేస్తే ఏమైనా ఆగిందా? ఏమీ ఆగలేదు. కొయ్య పెరట్లో ఎండుతూనే ఉంది, వాడి కాళ్లు ఉబ్బుతూనే ఉన్నాయి. ఉప్పు పూర్తిగా మానాడు. మాత్రలు ఒక్క పూట తప్పలేదు. ఓబమ్మ కదిరి నరసింహస్వామికి మొక్కుకుంది. నేను మొక్కలేదు. దేవుడి మీద కూడా కోపంగా ఉన్నదాన్ని, ఏమని మొక్కాలి? రోజూ పొద్దున వాడి కాళ్ల మీద బొటనవేలితో నొక్కి చూసేదాన్ని. గుంట పడేది, లేచేది కాదు. ఇంకా నొక్కేదాన్ని.

మళ్లీ బెంగుళూరు. ఈసారి వాడు నడవలేకపోతే చక్రాల కుర్చీలో తోసుకుపోయాను. డాక్టరమ్మ తెర వైపు చాలాసేపు చూసింది. నాక్కూడా ఇప్పుడు చూడ్డం కొంచెం అలవాటైంది. నేనిచ్చినంత లేదు అది. ముడుచుకుపోయింది. అంచులు ఎక్కడో కూడా సరిగా కనిపించడం లేదు.

"అయిపోయిందమ్మా" అని మెల్లగా చెప్పింది. "ఇక అది పనిచేయదు. రక్తం శుద్ధి చేసే మిషను మీద కొన్నాళ్లు పెట్టొచ్చు. వారం వారం ఇక్కడికి రావాలి. ఎంతకాలమని చెప్పలేను."

"నాకింగొకటి ఉండాది గదా మేడమ్" అన్నాను.

ఆమె నా వైపు చూసింది.

"తీసుకోండి. ఈసారి మగ్గం లేదు, కొయ్య లేదు. నేను పక్కనే కూచ్చోని చూసుకుంటా. రాసివ్వమంటే రాసిస్తా, యాడ వేలుముద్ర ఎయ్యమంటే ఆడ ఏస్తా."

"అదిస్తే నువ్వు బతకవమ్మా. ఏ డాక్టరూ ఆ పని చెయ్యడు."

"నా ఒళ్లు నా ఇష్టం గదా! అప్పుడు నా ఇష్టమే అన్నారు గదా, ఇప్పుడు కాకపోతే ఎట్ల?" బల్లను గుద్దాను. ఎంత నోరున్నా ఏం లాభం? ఆ గదిలో నా మాటకు దారే లేదు. ఆమె తల అడ్డంగా ఊపుతూనే ఉంది. కింద కూలబడి ఏడ్చాను.

అప్పుడు కదిరప్ప బల్ల మీద నుంచి మెల్లగా లేచి కుర్చీలో కూర్చున్నాడు. ఆయాసంతో మాట సగం సగమే వస్తోంది.

"మేడమ్, ఒక్క పని చేస్తారా? ఆ మిషనుతో మా అక్కను చూడండి."

"దేనికి?"

"నాకిచ్చినాక ఆయమ్మకు మిగిలింది ఎట్లుండాదో తెలీదు. ఎవరూ చూడ్లేదు. నాకు ఆ భయం ఉండాది మేడమ్, ఆపరేషను అయిన కాడ్నుంచి."

అన్ని రోజులు పక్కనే ఉండి వాడి కాళ్లు నొక్కి చూశాను గానీ, వాడి లోపల ఈ భయం ఉందని నాకు తెలియదు. వద్దన్నాను. నాకేం రోగం అన్నాను. వాడు చేతులు జోడించాడు. డాక్టరమ్మ నన్ను లేపి, ఇంకా వాడి ఒంటి వేడి ఆరని ఆ బల్ల మీద పక్కకు తిప్పి పడుకోబెట్టింది.

జిగురు చల్లగా తగిలింది. ఆమె పిడిని ఆనించి తిప్పింది. 

"బాగుంది" అంది. "చాలా బాగుంది. పెద్దదయింది కూడా. ఒకటి పోతే మిగిలింది ఇలాగే పెరుగుతుంది. రెండింటి పనీ ఇదొక్కటే చేసుకుంటోంది."

కదిరప్ప కుర్చీలోంచి ముందుకు వంగాడు. ఉబ్బిన కళ్లు చిట్లించి తెర దగ్గరికి ముఖం పెట్టాడు. ఆ ఏడాదిలో వాడి ముఖంలో నవ్వు చూడడం నాకదే.

"యాడ మేడమ్? ఇదేనా? ఎంత బాగుండాది! ఇంగొకసారి చూపించండి."

ఆమె ఇంకొకసారి చూపించింది. వాడు అడిగినన్నిసార్లూ చూపించింది. నేను గోడ వైపు తిరిగి పడుకొని ఉన్నాను. వాడికి రావలసినదంతా నా లోపల పెరిగి కూర్చుంది. దాన్ని గోళ్లతో పీకి వాడి చేతిలో పెట్టాలనిపించింది. నేను కదలబోతే కదిరప్ప నా భుజం మీద చేయి వేసి ఆపాడు.

"కదలొద్దక్కా" అన్నాడు. "ఇంగ కొంచేపు చూడనీ."